మందుకు మందు తోడు



తెలుగులో మందు అను మాట చిన్నది గాని, అది మోయు బరువు మాత్రము చిన్నది కాదు. జ్వరము వచ్చినవాడు మ్రింగునదియు మందే. ప్రొద్దు గ్రుంకిన పిదప కొందరు అంగడికి పోయి కొనుక్కొనునదియు, లోకుల వాడుకలో, మందే. చేనికి రైతు కొట్టునది పురుగుమందు, తుపాకిలో కూరునది తుపాకిమందు, గిట్టనివారు అన్నములో కలిపిరని పల్లెపట్టున భయపడునది పెట్టుడుమందు. రోగమును పోగొట్టుదానికిని, తెలివిని పోగొట్టుదానికిని, తుదకు ప్రాణమునే పోగొట్టుదానికిని ఒక్క పేరే పెట్టిన మన పెద్దలు పొరపడిరని నేననుకొనను. చిటికెడంతలో, బొట్టంతలో బలము దాగియుండి, ఎవరి చేత, ఎంత, దేనితో కలిసి పడినదో దానినిబట్టి మేలో కీడో చేయు పదార్థమునకెల్ల వారు మందని పేరు పెట్టిరి. ఆంగ్లమునుండి మన పత్రికలలోనికి వచ్చిన కాక్‌టెయిల్ అను మాట చరిత్ర చూచినను ఇదే త్రోవ కనబడును. అదియు పానశాలలో పెరిగి, యుద్ధభూమిని త్రొక్కి, ఆసుపత్రి గడప దాటి, నేడు రోగి దోసిటిలోని మాత్రలదాక వచ్చినది. ఆ ప్రయాణమును గూర్చియు, అందు ముఖ్యమని నేను నమ్మిన ఒక్క విషయమును గూర్చియు ఈ పూట మనవి చేసికొందును.

కాక్‌టెయిల్ అను మాటకు మొదటి అర్థము తోకకు సంబంధించినది. ఇంగ్లండులో బండ్లు లాగు గుఱ్ఱములకు తోక కత్తిరించెడివారు. మిగిలిన మొండితోక కోడిపుంజు తోకవలె నిక్కి నిలుచుటచేత అట్టి గుఱ్ఱమునకు కాక్‌టెయిల్ అని పేరు వచ్చినది. మేలుజాతి పందెపు గుఱ్ఱములకు తోక కత్తిరించు ఆచారము లేదు గావున, ఆ పేరు క్రమముగా సంకరజాతి గుఱ్ఱమునకు చెల్లినది. సంకరమైన గుఱ్ఱమునుండియే సంకరమైన పానీయమునకు పేరు కుదిరెనని పలువురు పండితుల ఊహ. న్యూ ఆర్లియన్స్ నగరమున పేషో అను మందులవర్తకుడు, ఫ్రెంచివారు కోక్‌టియే అని పిలుచు గ్రుడ్డుగిన్నెలో పానీయము కలిపి యిచ్చుటచే ఈ పేరు పుట్టినదని మరియొక కథ కలదు గాని, ఆ వర్తకుడు పుట్టినది 1803లో ననియు, అతడింకను పసివాడై యుండగనే ఆ మాట అచ్చులోనికి ఎక్కినదనియు తెలిసిన పిదప ఆ కథ నిలువదు. 1806లో అమెరికాలో న్యూయార్కు రాష్ట్రపు హడ్సన్ పట్టణమున ఒక పత్రిక, కాక్‌టెయిల్ అననేమి అని అడిగిన పాఠకునికి, సారాయి, చక్కెర, నీరు, చేదుకషాయము అను నాల్గింటి కలయిక యని సమాధానము చెప్పియున్నది.

ఆ నాల్గింటిలో కడపటిదానిని గమనింపుడు. వేళ్ళు, బెరడులు, ఆకులు సారాయిలో నానవేసి తీసిన ఆ చేదు, మొదట మందుల అంగడిలో అజీర్ణమునకును జ్వరమునకును చుక్కల లెక్కన అమ్మబడిన వస్తువు. నేటికిని దేశదేశముల పానశాలలలో కనబడు అంగోస్తురా కషాయమును 1824లో రూపొందించినవాడు సీగర్ట్ అను జర్మను శస్త్రవైద్యుడు. అతడు వెనెజులా దేశమున స్వాతంత్ర్యపోరాట నాయకుడైన బొలివారు సైన్యమునకు వైద్యుడుగా నుండి, ఉదరవ్యాధుల కొఱకు దానిని చేసెను. మన దేశమున కాపురమున్న ఆంగ్లేయులును మలేరియాకు వెఱచి, సింకోనా బెరడు సారమైన క్వినైనును నీట కలిపి, ఆ చేదు దిగుటకై జిన్ను అను సారాయిని చేర్చుకొనిరి. ఇట్లు ముందు మందే పానీయములోనికి పోయినది. ఆ పిదప పానీయపు పేరు మందులోనికి వచ్చినది. నడుమ ఒకమారు తుపాకిమందు అర్థమును దానికి పట్టినది: 1939లో సోవియట్ సైన్యము దండెత్తి రాగా, ఫిన్లాండువారు సీసాలలో మండు నూనెలు నింపి, గుడ్డవత్తి ముట్టించి యుద్ధశకటములపై విసరి, శత్రుదేశపు విదేశాంగమంత్రి పేర దానిని మొలొటోవ్ కాక్‌టెయిల్ అని పిలిచిరి.

కలిపి త్రాగు విద్యకు అమెరికా పుట్టినిల్లు కాదు. హడ్సను పత్రికకు నూటడెబ్బది యేండ్లకు పూర్వమే మన సముద్రతీరమున దాని జాడ కలదు. నేడు బాపట్ల జిల్లాలో నున్న నిజాంపట్నమును ఆనాటి విదేశీవర్తకులు పేటపోలి యనెడివారు. 1611లో ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ ఓడ మన తీరమునకు వచ్చినప్పుడు మచిలీపట్నముతోపాటు అక్కడను వర్తకస్థానము వెలసినది. మన నేతగాండ్రు నేసిన బట్టలును, చిరివేరుతో అద్దిన ఎఱుపును వారిని అంతదూరము రప్పించినవి. 1632లో ఆ పేటపోలిలోని కంపెనీ వర్తకుని పేర వచ్చిన యొక జాబులో పంచ్ అను పానీయము ప్రస్తావింపబడినది. ఆంగ్లమున ఆ మాటకు దొరికిన మొట్టమొదటి వ్రాత అదియే యని చెప్పుదురు. సారాయి, చక్కెర, నిమ్మరసము, నీరు, సుగంధద్రవ్యము, ఈ అయిదును కలియుటచేత మన పంచశబ్దమే పంచ్ అయినదని ఆ శతాబ్దమందే జాన్ ఫ్రయర్ అను వైద్యుడు తన యాత్రావృత్తాంతమున వ్రాసెను. పీపాకు ఆంగ్లమున గల పేరునుండి వచ్చెనను వాదమును లేకపోలేదు. ఏ వాదము గెలిచినను, పాలు, పెరుగు, నెయ్యి, తేనె, చక్కెర కలిపి పంచామృతమనియు, శొంఠి, పిప్పలి, మిరియము కలిపి త్రికటువనియు, కరక, తాని, ఉసిరిక కలిపి త్రిఫల యనియు లెక్కపెట్టి పేరు పెట్టు అలవాటు మనది. ఎన్ని కలిసినవో పేరులోనే చెప్పుటయనగా, ఒక్కటి లోపించినను ఆ పేరు చెల్లదని చెప్పుటయే. ఈ లెక్కను దయచేసి జ్ఞాపకముంచుకొనుడు. నా ప్రసంగమంతయు దీనిమీదనే నిలిచియున్నది.

లెక్క లేని కలయికయు లోకమున చాలకాలము రాజ్యమేలినది. పాంటసు రాజు మిత్రిడేటీసు శత్రువుల విషమునకు భయపడి అనేకద్రవ్యములు కలిపిన విరుగుడును సేవించెడివాడని ప్రసిద్ధి. రోమనగరమున నీరో చక్రవర్తి వైద్యుడు ఆండ్రోమాకసు దానికి పాముమాంసము మొదలైనవి చేర్చి, అరువదికి పైబడిన దినుసులతో థీరియాకు అను లేహ్యమును సిద్ధపరచెను. అందు ఏ దినుసు ఏ పని చేయునో చెప్పగలవారు లేరు; దేనిని తీసివేసిన ఏమగునో పరీక్షించినవారును లేరు; అయినను పదునారు వందల సంవత్సరములకు పైగా ఐరోపాఖండమున అది సర్వరోగనివారిణిగా చెలామణి యయ్యెను. 1745లో విలియం హెబర్డెన్ అను ఆంగ్లవైద్యుడు దానిని ఖండించుచు గ్రంథము వ్రాయగా, ఆ శతాబ్దము ముగియకమునుపే లండను వైద్యుల ఔషధపట్టికనుండి అది తొలగినది.

ఇక నా బాల్యమునాటి యొక సంగతి చెప్పవలెను. చీరాల ప్రాంతమున మా యింటి ప్రక్కన ఒక నేతగాడుండెను. నేనతనిని బాబాయి అని పిలిచెడివాడను. మగ్గపు గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుండి నాడె విసరుచు, ఎక్కడ పోగు తెగినను కంటికంటె ముందు చెవితోనే పసిగట్టెడివాడు. అతనికి క్షయ పట్టినది. ఆసుపత్రివారు రెండు మందులిచ్చిరి. ఒకటి గోరంత తెల్లని మాత్ర. దాని పేరు ఐసోనియజిడ్. రెండవది పాస్ అను మందు. దినమునకు గుప్పెడేసి మ్రింగవలసినది, మ్రింగగనే కడుపులో త్రిప్పునది. ఏడాదిపాటు రెండును మానక వాడవలెనని వారు చెప్పి పంపిరి. రెండు నెలలలో జ్వరము పోయినది, దగ్గు తగ్గినది, ఒడలు తేరినది. "ఆ పెద్దమందు నాకు పడట్లేదన్నా. తిన్న కూడు నిలవనీయట్లేదు. చిన్నమాత్ర వేసుకుంటున్నా గదా, అది చాల్లే" అని అతడు మా తండ్రితో అన్న మాట నాకింకను వినబడుచున్నది. చిన్నమాత్రను అతడు ఒక్కదినమును మానలేదు. ఏడాది తిరుగకమునుపే దగ్గు మరలి వచ్చినది. ఈమారు చిన్నమాత్రకు అది లొంగలేదు. మగ్గముపై సగము నేసి విడిచిన చీరను అతని భార్య ముగించినది.

అతడు చేసిన పొరపాటేమో నాకు చాలయేండ్లకు గాని తెలియలేదు. 1943లో అమెరికాలో వాక్స్‌మన్, షాట్జ్ అనువారు స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొన్నప్పుడు క్షయకు కాలము చెల్లినదని లోకము సంతోషించెను. 1948లో బ్రిటిషు వైద్యపరిశోధనామండలి ప్రకటించిన పరీక్షలో, ఆ మందు పొందినవారు తొలి ఆఱునెలలలో ఆశ్చర్యముగా కోలుకొనిరి. కాని పలువురి కఫములోని క్రిములు అంతలోనే ఆ మందునకు మొండివడెను, వ్యాధి తిరుగబెట్టెను. 1950లో అదే మండలి స్ట్రెప్టోమైసినుకు పాసును జతచేసి చూడగా, ఆ మొండితనము చాలవరకు అణగినది. 1952లో ఐసోనియజిడ్ వచ్చి, మందులు మూడైనవి. ఒంటరిగా ఓడిపోవు మందు తోడు దొరికిన గెలుచుట యెట్లు?

దీని వెనుక నున్నది మంత్రము గాదు, గణితము. క్షయక్రిములు ఒకటి రెండుగా చీలి పెరుగునప్పుడు, ఏ మందును తగులకున్నను, అందు కొన్ని తమంతట తామే మార్పు చెందును. ఐసోనియజిడుకు లొంగని క్రిమి సుమారు పదిలక్షలకొకటి పుట్టును. తరువాతికాలమున వచ్చిన రిఫాంపిసిన్ అను మందునకు లొంగనిది సుమారు పదికోట్లకొకటి. ఊపిరితిత్తిలో వ్యాధి తొలిచిన ఒక్క గుంతలో పదికోట్ల క్రిములుండవచ్చును. ఐసోనియజిడును ఒంటరిగా ఇచ్చితిమా, దానికి లొంగని నూరుక్రిములు ముందే అందు సిద్ధముగా నున్నవి. తక్కినవి చచ్చి చోటు విడువగా, ఆ నూరును పెరిగి పెరిగి రోగమంతయు తామే యగును. రెండు మందులును కలిపి యిచ్చినచో, రెంటికిని లొంగని క్రిమి కోటికోట్లకొకటి గాని పుట్టదు; అన్ని క్రిములు ఒక్క దేహమున నుండవు. పాసు తనంత తాను బలమైన మందు కాదు. ఐసోనియజిడు కన్నుగప్పి తప్పించుకొను ఆ కొద్ది క్రిములను పట్టుకొనుటయే దాని ఉద్యోగము. మా బాబాయి సేనాపతిని ఉంచుకొని, కోటవాకిటి కావలివానిని సాగనంపెను.

ఈ జోడుమందుల విద్య మన క్షయరోగుల బ్రదుకునే మార్చినది. అంతకుమునుపు క్షయ యనగా ఇల్లు విడిచి పోవుట. మదనపల్లె చెంత ఆరోగ్యవరమున 1915లో నెలకొన్న చికిత్సాలయము వంటి చోట్ల మంచిగాలి, మంచి తిండి, నెలల తరబడి విశ్రాంతి, ఇవియే వైద్యము. అక్కడ చోటు దొరికిన అదృష్టవంతులు కొందరే. 1956లో మద్రాసున వెలసిన క్షయచికిత్సా పరిశోధనాకేంద్రమువారు, ఐసోనియజిడును పాసును కలిపి కొందరు రోగులకు చికిత్సాలయమునను, కొందరికి వారి యిరుకు ఇండ్లలోనే యుంచియు ఇచ్చి చూచిరి. 1959లో ప్రకటింపబడిన ఫలితము లోకమును ఆశ్చర్యపరచెను: ఇంటనున్న పేదవాడును చికిత్సాలయమున నున్నవానితో సమానముగా కోలుకొనెను, అతని ఇంటివారికి వ్యాధి సోకుట అందువలన హెచ్చలేదని పిమ్మట తేలినది. మేడ, మంచము, కొండగాలి చేయునని నమ్మిన పనిని రెండు మందుల పొందిక చేసినది.

క్షయక్రిమికి చెల్లిన న్యాయము రక్తపుకాన్సరునకును చెల్లునా యని కొందరు వైద్యులు సాహసించి అడిగిరి. ఈ కథలో మన భీమవరమున 1895లో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు గారున్నారు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వమున తయారైన అమినోప్టెరిన్ అను మందును బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తపుకాన్సరు సోకిన పిల్లలకు ఇయ్యగా, మరణశయ్యపైనున్నవారు కొందరు లేచి ఆడుకొనిరి. ఆ ఫలితము 1948లో వెల్లడియైనది. సుబ్బారావు గారు ఆ యేడే కన్నుమూసిరి. కాని కొన్నినెలలకు ఆ పిల్లలకు వ్యాధి తిరిగి వచ్చినది. ఒంటరి మందు మరల ఓడినది. 1960వ దశకపు తొలినాళ్ళలో అమెరికా జాతీయ కాన్సరు సంస్థలో ఫ్రై, ఫ్రైరైక్ అను వైద్యులిద్దరు నాలుగు మందులను ఒక్కమారుగా ఇచ్చిరి. ఆ నాలుగింటిలో ఒకటి సుబ్బారావు గారి ప్రయోగశాలనుండియే వచ్చిన మెథోట్రెక్సేటు. మరియొకటి మన పెరళ్ళలో నీరు పోయకున్నను పూయు బిళ్ళగన్నేరునుండి తీసిన విన్‌క్రిస్టిన్. ఒక్కొక్కటి కాన్సరుకణమును ఒక్కొక్క చోట కొట్టును. ఒకదాని కీడు మరియొకదాని కీడుతో చేరి కుప్పపడకుండునట్లు ఏరినవి. ఒకప్పుడు నెలలలో మరణించు ఆ పిల్లలలో, సంపన్నదేశములందు నేడు పదుగురిలో సుమారు తొమ్మండుగురు బ్రదుకుచున్నారు.

అయినను కాక్‌టెయిల్ అను పేరును రోగుల నాలుకపై నిలిపినది ఎయిడ్స్. ఆ వ్యాధిక్రిమి ఒక్కరి దేహములోనే దినమునకు సుమారు వేయికోట్ల ప్రతులు పుట్టించును. ప్రతి యెత్తుటలో తప్పులు పడును. ఆ తప్పులే దానికి కవచములగును. 1987లో వచ్చిన ఏజడ్‌టీ అను మందు అందుచేతనే ఒంటరిగా నిలువలేకపోయెను. 1996లో కెనడాలోని వాంకూవరున జరిగిన ఎయిడ్స్ సభలో మూడు మందుల కలయిక ఫలితములు వినిపించిననాడు, చావు నిశ్చయమని వీలునామాలు వ్రాసికొన్నవారు మరల బ్రదుకు లెక్కలు వేసికొనిరి. కాని ఆ మూడు మందుల వెల పశ్చిమదేశములలో ఒక్కరికి ఏడాదికి పదివేల డాలర్లకు మించెను. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో, గుంటూరువాడైన ఏ.వి. రామారావు గారి ఆధ్వర్యమున ఏజడ్‌టీని చౌకగా తయారుచేయు విధానము సిద్ధమై సిప్లా కంపెనీకి చేరినది. ఆ కంపెనీయే 2001లో మూడు మందుల కలయికను ఏడాదికి 350 డాలర్లకు ఇత్తునని ఆఫ్రికాలో పనిచేయు వైద్యసేవకులకు మాటయిచ్చెను. 2004 ఏప్రిలు మొదటి తేదీనుండి మన దేశమున ప్రభుత్వమే ఆ మందులను ఉచితముగా ఇచ్చుచున్నది.

1897 ఆగస్టు 20వ తేదీని సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపున కనుగొన్న మలేరియా పరాన్నజీవి విషయమునను ఇదే నడక. చైనా శాస్త్రజ్ఞురాలు తు యూయూ వెలికితీసిన ఆర్టెమిసినిన్ ఎంత వేగముగా పని చేసినను, దానిని తోడు లేక ఇయ్యరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2006లో గట్టిగా చెప్పినది. మన కోస్తాజిల్లాలను పీడించిన బోదకాలునకు నేడు కొన్నిచోట్ల ఊరందరిచేత మ్రింగించు మూడు మందులలో ఒకటైన డి.ఇ.సి. కూడ సుబ్బారావు గారి ప్రయోగశాల బిడ్డయే.

ఇంతమాత్రమున కలిపినదెల్ల మేలని నేను చెప్పబోను. లండనులో బ్రాంప్టన్ ఆసుపత్రి పేర ఒక కాక్‌టెయిల్ ఉండెడిది. అందు మార్ఫిను, కొకెయిను, సారాయి, తేనె కలిపి, తీరని నొప్పితో అవసానదశలో నున్నవారికి ఇచ్చెడివారు. 1970వ దశకమున పరీక్షించి చూడగా, కొలతతప్పక వేళకు ఇచ్చిన మార్ఫిను ఒక్కటే అంత పనియు చేయునని తేలినది. తక్కినవి ఊరక చేరినవి. మన దేశమున 2018లో ప్రభుత్వము 328 మిశ్రమ ఔషధములను నిషేధించుటకును ఇదియే కారణము: వానిలో ఒకదానికి మరియొకటి యెందుకు తోడైనదో చూపు ఆధారము లేదు. చేనికి కొట్టు పురుగుమందులను తోచినట్లు ఒకే డబ్బాలో కలిపిన రైతునకును ఈ సంగతి అనుభవమే. ఒక్కొక్కప్పుడు రెంటి బలమును విరిగి, ఆకు మాడును. 2021లో కరోనాపై పత్రికలన్నియు కీర్తించిన రెండు ప్రతిరక్షకముల కాక్‌టెయిల్, ఏడాది తిరుగకముందే ఒమిక్రాను ఎదుట పనికిమాలినది. శత్రువు రెండు పట్లను ఒక్కమారే విడిపించుకొనెను. కలయికకు గౌరవము సంఖ్యచేత రాదు. ఇందు నీవెందుకున్నావని అడిగినప్పుడు ప్రతి దినుసును తన పని చెప్పగలిగినచో అది చికిత్స. చెప్పలేనిచో అది థీరియాకు.

ఈ న్యాయమునకు రెండవ ముఖమును కలదు. ప్రతి దినుసునకును పని యున్నచోట, ఒక్కదానిని విడుచుట తక్కినవానిని కూడ విడుచుటయే. మన దేశమున క్షయకు తొలి రెండు నెలలు నాలుగు మందులు, ఆ పిదప నాలుగు నెలలు మూడు మందులు ఇచ్చుచున్నారు; ఐసోనియజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఎథాంబుటాల్ అను ఆ నాల్గింటిని ఒకే మాత్రలో కూర్చి, రోగి బరువునుబట్టి ఇన్ని మాత్రలని లెక్కగట్టి చేతికిచ్చుచున్నారు. ఆ మాత్ర నుండి కష్టమైనదానిని ఏరి పారవేయుటకు రోగికి వీలు లేదు. ఆ చిన్న యేర్పాటును చూచినప్పుడెల్ల నాకు మా బాబాయి జ్ఞాపకము వచ్చును. అతడు సోమరి కాడు, మూఢుడు కాడు. మందుకు మందు తోడన్న సంగతిని అతనికి అర్థమగు మాటలలో ఎవరును చెప్పలేదు. పడుగులో పోగు తెగినప్పుడు, తక్కినవి గట్టిగానే యున్నవి గదా యని అతడెన్నడును నాడె ఆడించినవాడు కాడు. మగ్గము నిలిపి, ముడివేసి, అప్పుడు గాని ముందునకు సాగెడివాడు కాడు. ఆ మాటనే ఆ మందులకును చెప్పియున్నచో అతడు తప్పక వినియుండును.

శ్రోతలారా, మీ యింటనో ప్రక్కయింటనో ఎవరైనను ఈ మాత్రలు వాడుచుండవచ్చును. రెండవనెలలో దగ్గు తగ్గి, ఇక చాలునని అనుచుండవచ్చును. వారి ప్రక్కన కొంచెముసేపు కూర్చుండి, పోయినది దగ్గే గాని క్రిములన్నియు కావనియు, మిగిలిన నాలుగునెలల మందు ఆ మిగిలినవాని కొఱకేననియు వారి మాటలలో వారికి చెప్పుడు.